ముందు కాటా, తర్వాతే క్యాంపర్: అలాస్కా నుంచి ఉష్వాయా దాకా వెళ్లే పికప్‌ను కట్టిన తీరు

బండి ఫోర్డ్ ఎఫ్-350. నాలుగు తలుపుల క్యాబిన్, పొడవు తొట్టి, ఫోర్ వీల్ డ్రైవ్, 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను, వెనక ఇరుసుకు పక్కకొక చక్రం. యజమానులు డాలస్‌లో స్థిరపడిన తెలుగు దంపతులు, ఉద్యోగ విరమణ చేసినవారు. ఇక్కడ వారిని అన్నగారు, వదిన గారు అంటాను. అలాస్కాలోని ప్రూడో బే నుంచి అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉష్వాయా దాకా, సుమారు 30,000 కిలోమీటర్ల పాన్ అమెరికన్ దారిని, హోటళ్ల అవసరం లేకుండా, నచ్చిన చోట నాలుగు రోజులు ఆగుతూ తిరగాలని వారి కోరిక. పికప్ తొట్టి తీసేసి, ఆ చోట పడక, వంటిల్లు ఉన్న పెట్టెను, అంటే క్యాంపర్‌ను, కట్టే పని కొలరాడోలోని మా షెడ్డులో జరిగింది.

నేను ఈ పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే చోట. బాడీ అందం తర్వాతి సంగతి. చాసిస్ దాన్ని మోయగలదా, గతుకుల్లో చాసిస్ మెలితిరిగినప్పుడు బాడీ తట్టుకుంటుందా అన్నవి ముందు తేలాలని అక్కడి మేస్త్రులు నేర్పారు. దూర ప్రయాణాల క్యాంపర్లను బాగుచేసేటప్పుడు నాకు ఎదురయ్యేవి విరిగిన కమాన్ పట్టీలు, వంగిన చాసిస్‌లు, పగిలిన టైర్లు, కారే పైకప్పులు. చాలావరకు వీటన్నిటి వెనకా ఉండేది ఒకటే: మోయవలసిన దానికంటే ఎక్కువ బరువు, లేదా ఉండకూడని చోట ఉన్న బరువు. అందుకే ఈ కేసును బరువు వైపు నుంచే చెబుతాను.

స్టిక్కర్ మీది అంకె

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్లు కనిపిస్తాయి. బండి, మనుషులు, ఇంధనం, సామాను అంతా కలిపి ఎంత బరువు ఉండవచ్చో, ఏ ఇరుసు ఎంత మోయగలదో అక్కడ రాసి ఉంటుంది. మా బండికి మొత్తం 5,200 కిలోలు. ఆ అంకె దాకా నేను ఎప్పుడూ వెళ్లను. అందులో 90 శాతం దగ్గర, అంటే ఇక్కడ దాదాపు 4,700 కిలోల దగ్గర గీత గీసి, దాన్నే హద్దుగా పెట్టుకుంటాను. కంకర దారిలో చక్రం గుంతలో పడినప్పుడు ఇరుసు మీద పడే దెబ్బ, బండి నిలిచి ఉన్నప్పటి బరువు కంటే చాలా ఎక్కువ. పైగా నెలల తరబడి సాగే ప్రయాణంలో ఏ బండీ తేలికపడదు, సామాను పెరుగుతూనే ఉంటుంది.

తొట్టి విప్పేసి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించాం. అమెరికాలో హైవేల పక్కన లారీల కోసం పెట్టే ఈ కాటా ముందు, వెనక ఇరుసుల బరువును విడివిడిగా చూపుతుంది. మా బండి 2,860 కిలోలు తూగింది. గీతకు మిగిలింది 1,840. అందులో ఇద్దరు మనుషులకు 150 తీసేస్తే 1,690.

ఈ 1,690 కిలోలను కాగితం మీద పంచాం. గోడలు, పైకప్పు, నేల, తలుపు, కిటికీలతో కూడిన పెట్టెకు 470. దాన్ని చాసిస్ మీద ఆనించే చట్రానికి, అంటే సబ్‌ఫ్రేముకు, 120. మంచం, అరలు, బల్లలకు 160. బ్యాటరీ, సోలార్, తీగలకు 110. నీళ్లు, ట్యాంకు, పంపుకు 135. ఫ్రిజ్, పొయ్యి, హీటర్, టాయిలెట్‌కు 85. పనిముట్లు, విడిభాగాలు, బండి ఇరుక్కుంటే బయటికి తీసే సామగ్రికి 130. రెండో స్టెప్నీకి 45. బట్టలు, బియ్యం, పప్పులు, గిన్నెలు, పుస్తకాలకు 190. మొత్తం 1,445. మిగిలిన 245 కిలోలను ఖాళీగా ఉంచాలని ముందే ఒప్పందం చేసుకున్నాం.

కాగితం గోడకు అంటించాక చర్చలు తొందరగా తేలాయి. ముందు బంపరుకు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి కావాలని అన్నగారు అడిగారు. వించి, దానికి తగిన ఇనుప బంపరు కలిస్తే వంద కిలోలు దాటుతుంది, అదంతా ముందు ఇరుసుకు అవతల వేలాడుతుంది. ఈ దారిలో జంటగా నెమ్మదిగా వెళ్లేవారికి చక్రాల కింద పెట్టే రికవరీ బోర్డులు రెండు జతలు, మంచి పార, గాలి పంపు, చేత్తో లాగే వించి చాలు. పైకప్పు మీద సామాను ర్యాక్ వద్దన్నాను. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ అసలే వద్దన్నాను. మూడు మీటర్ల ఎత్తున్న బండిని ఇంకా పైకి లేపి, దక్షిణ అమెరికా కొసన పక్కగాలి కొట్టే పటగోనియాకు పంపడానికి నాకు మనసొప్పదు.

డీజిల్ వద్దనడానికి కారణం

లోడు మోసే బండి అంటే డీజిల్ బండే అన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. మన రోడ్ల మీద అది సరైన నమ్మకమే. ఈ దారి సంగతి వేరు. 2007 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన డీజిల్ పికప్‌లకు పొగలోని మసిని వడపోసే ఫిల్టర్ ఉంటుంది. పది లక్షల భాగాల్లో 15కు మించి గంధకం లేని డీజిల్ కోసం అవి తయారయ్యాయి. దక్షిణ అమెరికాలో పెద్ద నగరాల్లో శుభ్రమైన డీజిల్ దొరుకుతుంది కాని, మారుమూల బంకుల్లో దానికి ఎన్నో రెట్లు గంధకం ఉన్న డీజిలే దిక్కయ్యే ప్రాంతాలు ఉన్నాయి. ఫిల్టర్ మూసుకుపోతే కంప్యూటర్ ఇంజను శక్తిని కోసేస్తుంది. అప్పుడు కొండ మధ్యలో బండి నత్తనడక నడుస్తుంది. ఆ ఫిల్టర్‌ను పీకేయించుకునేవారు ఉన్నారు. అమెరికాలో అది క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, మా షెడ్డులో ఆ పని చేయం.

పెట్రోలు ఇంజనుకు ఈ తలనొప్పి లేదు. ఇంజనే సుమారు 200 కిలోలు తేలిక కాబట్టి ఆ మేరకు సామానుకు చోటు దొరుకుతుంది. నష్టం మైలేజీలో ఉంది, ఎత్తులో ఉంది. గాలిని ఒత్తి నింపే టర్బో లేని ఇంజను ప్రతి 300 మీటర్లకు దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. బొలీవియాలో 4,500 మీటర్ల పైన 40 శాతానికి పైగా పోతుంది. 430 హార్స్‌పవర్‌లో అంత పోయినా మిగిలినది ఈ బరువును లాగుతుంది, తొందర లేనివారికి చాలు.

టయోటా హైలక్స్ అయితే విడిభాగాలు ఊరూరా దొరుకుతాయి కదా అని అడుగుతారు. నిజమే, అర్జెంటీనాలోని సారాటెలోనే అది తయారవుతుంది. కాని అమెరికాలో అమ్మరు, పైగా అది మోయగల బరువు సుమారు ఒక టన్ను. మా కాగితం ఆ టన్నులో ఇమడదు. అందుకే ఫోర్డ్‌నే ఉంచుకుని, మెక్సికో దాటాక దొరకడం కష్టమైన బెల్టులు, సెన్సర్లు, ఫిల్టర్లు, ముందు చక్రాల బేరింగులు వెంట పెట్టాం.

చాసిస్ మీద పెట్టె కూర్చునే తీరు

ఈ నిర్మాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, బయటికి కనిపించనిదీ ఇదే.

ఆటోనగర్‌లో చాసిస్ పట్టాల మీద పొడవాటి కర్ర దూలాలు వేసి, బాడీని యూ బోల్టులతో బిగిస్తారు. ఎడమ ముందు చక్రం గట్టెక్కి, కుడి వెనక చక్రం కూడా గట్టెక్కినప్పుడు చాసిస్ మెలితిరుగుతుంది. కర్ర కొంచెం నలుగుతుంది, చెక్క బాడీ కీళ్ల దగ్గర కొంచెం కదులుతుంది, లారీ ముందుకు వెళ్తుంది. క్యాంపర్ పెట్టె అలా కదలదు. జిగురుతో అతికిన ఆరు పలకలు కలిసి ఎటూ వంగని ఒకే ముద్ద అవుతాయి. దాన్ని నాలుగు మూలలా చాసిస్‌కు గట్టిగా బిగిస్తే మెలి ఎక్కడో ఒకచోట బయటపడాలి: పెట్టె మూల చీలుతుంది, లేదా బోల్టు వేసిన చోట చాసిస్ పగులుతుంది.

పెద్ద లారీల మీద కట్టే యాత్రా బండ్లకు ముందొక తిరిగే కీలు, వెనక రెండు బిగింపులు పెట్టే మూడు బిందువుల పద్ధతి ఉంది. మెత్తని చాసిస్‌లకు అది మంచిది. కాని పెట్టె ఎత్తు పెరుగుతుంది, ముందు బరువంతా చాసిస్‌లో ఒకే అడ్డ పట్టీ మీద పడుతుంది. ఫోర్డ్ చాసిస్ నాలుగు వైపులా మూసిన గొట్టం ఆకారంలో ఉండి గట్టిగా ఉంటుంది, మెలి తక్కువ. అందువల్ల స్ప్రింగ్ బిగింపు ఎంచుకున్నాం. సబ్‌ఫ్రేము వెనక భాగాన్ని ఉక్కు పలకలతో చాసిస్‌కు కదలకుండా బిగించాం. ముందు రెండు చోట్ల మాత్రం పొడవాటి బోల్టులకు గట్టి స్ప్రింగులు తొడిగి, మూల 40 మి.మీ. దాకా పైకి లేచి మళ్లీ కూర్చునేలా చేశాం. పక్కలకు జరగకుండా గైడ్ పలకలు ఉన్నాయి. సబ్‌ఫ్రేముకూ చాసిస్‌కూ మధ్య గట్టి ప్లాస్టిక్ పట్టీ పరిచాం. మామూలు రోడ్డు మీద బరువు చాసిస్ పొడవునా సమంగా ఆని ఉంటుంది, మెలి వచ్చినప్పుడే స్ప్రింగులు పనిచేస్తాయి.

పరీక్షకు ఎదురెదురు మూలల రెండు చక్రాలను 30 సెం.మీ. దిమ్మల మీదికి ఎక్కించాం. క్యాబిన్ పైకప్పుకూ, దాని మీదికి చొచ్చుకొచ్చిన పడక భాగానికీ మధ్య 9 సెం.మీ. ఖాళీ ఉండేది, ఒక పక్కన 6 సెం.మీ.కు తగ్గింది. వెనక తలుపు ఆ స్థితిలోనూ వేలితో నెడితే తెరుచుకుంది, మూసుకుంది. తలుపు గడియ సులువుగా పడుతోందంటే పెట్టె మీద ఒత్తిడి లేదనే అర్థం.

ఇక వెనక వేలాడే బరువు. నాలుగు తలుపుల పికప్‌ల చాసిస్‌లు క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య వంగడం నేను చూశాను. పొడవాటి క్యాంపరు, దాని వెనక రెండు స్టెప్నీలు, పెట్రోలు డబ్బాలు, వాటి పైన మోటారు సైకిలు. కుంగిన వెనక భాగాన్ని ఎత్తడానికి గాలి సంచులు. గాలి సంచి బండిని సమంగా కనిపించేలా చేస్తుంది, చాసిస్ మీది వంపు బలాన్ని మాత్రం తగ్గించదు. మా పెట్టె భార కేంద్రం వెనక ఇరుసుకు 25 సెం.మీ. ముందు పడేలా నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ముందు గోడ వైపు, నేలకు ఆనించి పెట్టాం. వెనక గోడకు తగిలించినది ఒక్క స్టెప్నీ, అదీ అల్యూమినియం రిమ్ముతో. కుంగుడుకు కమాన్ పట్టీలలో అదనంగా ఒక పట్టీ వేయించాం.

పెట్టె

గోడలకు 50 మి.మీ. పాలీయురెథేన్ నురుగు, రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ తొడుగు. లోపల అల్యూమినియం అస్థిపంజరం లేదు. చలిలో లోహపు పట్టీ ఉన్న ప్రతి గీత మీదా లోపలి ఆవిరి నీరై కారుతుంది, పరుపు కింద బూజు పడుతుంది. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి విడిస్తేనే చాలా తేమ చేరుతుంది, దానికి అన్నం వండిన ఆవిరి తోడు. మూలలకు ఫైబర్‌గ్లాస్ కోణాలు, సీకాఫ్లెక్స్-252 జిగురు, రెండు పొరల అక్రిలిక్ కిటికీలు.

పైకప్పు లేచే గుడ్డ గోడల క్యాంపరు అయితే ఎత్తు తగ్గి, ఓడల మీద పంపే ఎత్తైన ఉక్కు పెట్టెలో, అంటే హై క్యూబ్ కంటైనర్‌లో, పట్టే అవకాశం ఉండేది. ఆ కంటైనర్ వాకిలి ఎత్తు 2.58 మీటర్లు. పనామా, కొలంబియాల మధ్య డారియన్ అడవిలో రోడ్డు లేదు కాబట్టి బండిని ఓడ ఎక్కించక తప్పదు. కంటైనర్‌లో పెట్టి తాళం వేసుకోవడం అన్నిటికంటే భద్రం. అయినా గట్టి గోడలే ఎంచుకున్నాం. ఎలుగుబంట్లు తిరిగే కొన్ని క్యాంపుల్లో గుడ్డ గోడల బండ్లను రానివ్వరు. పటగోనియా గాలికి గుడ్డ రాత్రంతా కొట్టుకుంటుంది. మా బండి ఎత్తు 3.05 మీటర్లు వచ్చింది, కాబట్టి బండ్లను నేరుగా నడిపి ఎక్కించే రోరో ఓడే దారి. అందులో తాళం చెవి ఓడవారికి ఇవ్వాలి, క్యాబిన్‌లోని సామాను పోవడం కొత్త కాదు. అందుకే క్యాబిన్ నుంచి పెట్టెలోకి వాకిలి పెట్టలేదు. పెట్టెకు వేరే తాళాలు, తలుపుకు లోపలి నుంచి ఇనుప కడ్డీ.

వంటిల్లు, కరెంటు

వదిన గారు మొదటి రోజే చెప్పేశారు: “కుక్కరు, మిక్సీ నడవాలి. మిగతావి మీ ఇద్దరి ఇష్టం.” ఈ కోరికను నేను విలాసంగా చూడలేదు. బొలీవియాలోని ఉయూని ఉప్పు మైదానం 3,650 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపు ఉంచినా సరిగా ఉడకదు. కుక్కరు లోపలి ఒత్తిడితో మళ్లీ వంద దాటుతుంది కాబట్టి అక్కడ అది అత్యవసర వస్తువు.

గ్యాసు పెట్టలేదు. సిలిండర్ మరలు దేశానికొక రకంగా ఉంటాయి, మన సిలిండర్‌ను నింపే చోటు వెతకడానికే రోజులు పోతాయి, ఓడ ఎక్కించేటప్పుడు ఖాళీ చేయాలి. ఇండక్షన్ పొయ్యి, పెట్రోలుతో నడిచే 2 కిలోవాట్ల హీటర్ పెట్టాం. హీటర్‌కు బండి ట్యాంకు నుంచే ఇంధనం. దాంతో దారి మొత్తానికీ కొనవలసిన ఇంధనం ఒకటే అయింది.

రోజుకు వంటకు దాదాపు ఒక యూనిట్ కరెంటు, ఫ్రిజ్‌కు అర యూనిట్ పైన, దీపాలు, పంపు, ఫ్యాను, ల్యాప్‌టాప్‌లకు మిగతాది, కలిపి రెండు యూనిట్లు. 12 వోల్టుల 400 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు అయిదు యూనిట్లు దాచుకుంటాయి, అంటే ఎండ లేకపోయినా రెండు రోజులు. పైకప్పు మీద 440 వాట్ల సోలార్. ఇంజను నడుస్తున్నప్పుడు 50 ఆంపియర్ల డీసీ చార్జరు గంటకు అర యూనిట్ పైనే నింపుతుంది. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో చార్జి చేస్తే పాడవుతుంది కాబట్టి మంచం కింద వెచ్చని చోట పెట్టాం.

ఇన్వర్టరు 2,000 వాట్లు. పూర్తి లోడు మీద 12 వోల్టుల వైపు 170 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 70 చదరపు మి.మీ. రాగి తీగ వేశాం, బ్యాటరీ పక్కనే క్లాస్ టీ ఫ్యూజు పెట్టాం. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, మామూలు కారు ఫ్యూజు ఆ ప్రవాహాన్ని తెంచలేకపోవచ్చు. ఇక్కడ డబ్బు ఆదా చేయమని అడిగేవారి పని నేను ఒప్పుకోను. బయటి కరెంటు తీసుకునే చార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా తీసుకుంటుంది. మెక్సికో, కొలంబియాలలో 110–127 వోల్టులు, పెరూ నుంచి కిందికి 220–230.

ఇండక్షన్ పొయ్యిని బల్లలో బిగించలేదు. పక్క గోడకు బయటి వైపు మడిచే బల్ల, దాని దగ్గరే ఒక ప్లగ్గు ఇచ్చాం. పోపు, చేపల వేపుడు ఆరుబయట. పరుపుకు, దుప్పట్లకు వాసన పట్టదు.

పరీక్షలు

సామానంతా ఎక్కించి మళ్లీ కాటా వేయించాం. మొత్తం 4,640 కిలోలు. ముందు ఇరుసు మీద 1,970, వెనక 2,670. వెనక టైర్లు రెండూ కలిసి 3,300 మోయగలవు. కాగితం మీద అనుకున్న దానికంటే 185 కిలోలు పెరిగిందని గమనించాలి. జిగురు, మరలు, తీగలు, గొట్టాలు, సీలింగ్ పట్టీలు: ఎవరి జాబితాలోనూ పూర్తిగా చేరనివి ఇవే. ఖాళీగా వదిలిన 245లో 60 మిగిలింది. ఆ ఖాళీ లేకుండా మొదలుపెట్టిన బండ్లే హద్దు దాటి బయలుదేరతాయి.

చలి పరీక్ష కొలరాడోలోని లెడ్‌విల్‌లో, 3,000 మీటర్ల పైన, చలికాలంలో చేశాం. బయట మైనస్ 20 ఉన్నా లోపల 18 డిగ్రీలు నిలిచాయి. పలచని గాలిలో హీటర్‌కు ఇంధనం ఎక్కువై మసి పడుతుంది, అందుకని ఎత్తును బట్టి ఇంధనాన్ని తగ్గించే అమరిక ఉన్నదే వేశాం. వారానికోసారి పూర్తి వేగంతో నడిపి మసి కాల్చేయమని చెప్పాం.

దుమ్ము పరీక్ష యూటా కంకర దారుల్లో. కదిలే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, పెట్టెలోకి ప్రతి సందు నుంచీ దుమ్మును పీలుస్తుంది. రబ్బరు పట్టీలు ఎన్ని వేసినా ఫ్రిజ్ గాలి సందు నుంచి సన్నని పొడి వచ్చి గిన్నెల మీద పడింది. ముందు గోడకు వడపోతతో చిన్న ఫ్యాను పెట్టి, నడుస్తున్నంతసేపూ లోపలికి శుభ్రమైన గాలి నెట్టేలా చేశాం. లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉండటంతో దుమ్ము ఆగిపోయింది.

దారిలో తెలిసినవి

అలాస్కాలో 666 కిలోమీటర్ల డాల్టన్ హైవే మీద చల్లే కాల్షియం క్లోరైడ్ బురదతో కలిసి గట్టిగా అంటుకుంటుంది. స్ప్రింగ్ బిగింపుల్లో అది గడ్డకట్టి కదలికను అడ్డుకుంది. వాటికి రబ్బరు తొడుగులు పంపించాం.

మెక్సికో సరిహద్దు దగ్గర కాగితాలు ముఖ్యం. 3.5 టన్నులు దాటిన మామూలు వాహనానికి పర్యాటకుల తాత్కాలిక అనుమతి రాదు, అదే మోటార్‌హోమ్ అయితే పదేళ్ల అనుమతి ఇస్తారు. మంచం, పొయ్యి, టాయిలెట్ కనిపించే ఫోటోలు, పెట్టె చాసిస్‌కు శాశ్వతంగా బిగించి ఉందని చూపే ఫోటోలు ముందే ముద్రించి ఇచ్చాం. అవి పనికొచ్చాయి.

ఉయూని దాటాక బండి కింద ఉప్పును కడిగించడానికి ఊళ్లోనే మనుషులు ఉన్నారు. వెళ్లే ముందు దంపతులు బండి కింద నూనె పిచికారి చేయించుకున్నారు, అయినా స్ప్రింగ్ బోల్టులకు తుప్పు వచ్చింది. మైలేజీ సగటున లీటరుకు 4.7 కిలోమీటర్లు. సోలార్ ఎండ ప్రాంతాల్లో మిగులు చూపింది, దక్షిణ చిలీ వానల్లో మాత్రం డీసీ చార్జరే ఆదుకుంది. అర్జెంటీనాలో 40వ నంబరు రహదారి మీద గాలి మరీ ఎక్కువైన పూట బండి ముక్కును గాలికి ఎదురుగా తిప్పి ఆపేసి, పడుకుని, తగ్గాకే కదిలారు. పెట్టె మూలల్లో, చాసిస్ బోల్టుల దగ్గర ఎక్కడా పగులు లేదు; అడిగినప్పుడల్లా అన్నగారు కిందికి దూరి ఫోటోలు తీసి పంపారు.

ఇప్పుడు షెడ్డులో ఉన్న తర్వాతి బండికి మూడు మార్పులు చేస్తున్నాం. స్ప్రింగ్ బోల్టులు స్టెయిన్‌లెస్ ఉక్కువి, తొడుగులు మొదటి నుంచే. నీళ్ల ట్యాంకు ఒకటి కాకుండా రెండు, ఒకటి కలుషితమైనా రెండోది ఉంటుంది. బరువు రెండు పక్కలా సమంగా పడుతుంది. కాగితం మీద జిగురుకు, మరలకు, తీగలకు వేరే వరస పెట్టి 180 కిలోలు రాశాం.